ప్యూరిఫైయరా, ఎగ్జాస్ట్ ఫ్యానా, డీహ్యుమిడిఫయరా? విశాఖ ఇంటికి ముందు ఏది కొనాలి

మూడేళ్ల క్రితం మా చిన్నదానికి రాత్రిళ్లు దగ్గు తగ్గడం లేదని పదకొండు వేలు పోసి ఎయిర్ ప్యూరిఫైయర్ కొన్నాను. హాల్లో టీవీ పక్కన పెట్టాను. బాల్కనీ తలుపు మాత్రం బార్లా తెరిచే ఉండేది. సముద్రపు గాలి వస్తుంటే ఎవరు మూస్తారు? నాలుగు నెలలకే ఫిల్టర్ నల్లబడింది, దగ్గు మాత్రం అలాగే ఉంది. ఓ ఆదివారం పిల్లల గదిలో బీరువా జరిపితే అసలు సంగతి బయటపడింది. గోడ మీద అరచెయ్యంత నల్ల మచ్చలు, తడిసిన గోనెసంచి వాసన. సాలీడు బూజు కాదు, చెమ్మకు పట్టే బూజు. వాన కొట్టే వైపు గోడ అది, బయట ప్లాస్టరింగ్‌లో సన్నటి పగులు. ప్యూరిఫైయర్‌కి పెట్టినదాంట్లో సగం ఖర్చుతో తాపీమేస్త్రి ఆ పగులు పూడ్చాడు. నెల తిరిగేసరికి దగ్గు బాగా తగ్గింది.

అప్పటినుంచి ఎవరైనా "ఏ కంపెనీ ప్యూరిఫైయర్ తీసుకోమంటారు" అని అడిగితే, మీ ఇల్లు ఎక్కడ, గదిలో ఎవరు పడుకుంటారు, ఇంట్లో ఏమేం వెలిగిస్తారు అని ఎదురు ప్రశ్నలు వేస్తున్నాను. విశాఖలో ఇంటి గాలి పాడయ్యేది ముఖ్యంగా మూడు దారుల్లో. బయటి నుంచి వచ్చే దుమ్ము, గోడల్లోనూ గాలిలోనూ చేరే చెమ్మ, మనమే ఇంట్లో పెట్టుకునే పొగ. ఒకదానికి పనికొచ్చే మిషన్ ఇంకోదానికి పనికిరాదు. అందుకే డబ్బు తీసేముందు మీ ఇంట్లో ఈ మూడింటిలో ఏది పెద్దదో తేల్చుకోండి.

ముందు రెండు చిన్న పరీక్షలు

కిటికీ గట్టు రెండు రోజులు తుడవకుండా వదిలేసి, మూడో రోజు తడిపిన తెల్లగుడ్డతో తుడవండి. పోర్టు చుట్టుపక్కల జ్ఞానాపురం, వన్‌టౌన్, కాన్వెంట్ జంక్షన్, మల్కాపురం వైపు ఇళ్లలో గుడ్డకు నలుపో, తుప్పు ఎరుపో అంటుకోవచ్చు. నలుపైతే బొగ్గు పొడి, ఎరుపైతే ఇనుప ఖనిజం కావచ్చు. ఎంవీపీ కాలనీలో ఉన్నవాళ్లకు చాలావరకు మామూలు మట్టిరంగే వస్తుంది. ఈ పరీక్ష పెద్ద ధూళి సంగతే చెబుతుంది. ఊపిరితిత్తుల లోతుకు పోయే 2.5 మైక్రాన్లలోపు ధూళి (పీఎం 2.5) కంటికి ఆనదు. దాని కోసం కాలుష్య నియంత్రణ మండలి వారి సమీర్ యాప్‌లో విశాఖ స్టేషన్ రీడింగ్ చూసుకోవచ్చు. అయితే అది ఆ స్టేషన్ చుట్టుపక్కల గాలి. మీ వీధి గాలి వేరుగా ఉండొచ్చు.

రెండోది హైగ్రోమీటర్. నాలుగైదు వందలకు దొరికే, గాలిలో తేమ శాతం చూపించే అగ్గిపెట్టెంత వస్తువు. నా మాటగా ఒక్కటే కొనేట్టయితే ఇది కొనండి. పడకగదిలో పెట్టి వారం పాటు ఉదయం, రాత్రి రాసుకోండి. తేమ 60 శాతం దాటి ఎక్కువకాలం నిలిస్తే బూజుకు అనుకూలం. దుమ్ముపురుగులకు 50 దాటితే చాలు. మన ఊళ్లో కిటికీ తెరిచి ఉంటే 70, 80 చూపించడం మామూలే, కంగారు పడక్కర్లేదు. తలుపులు మూసి ఏసీ వేసిన గదిలో కూడా 65కి దిగకపోతే మాత్రం గోడలు చూడండి.

దుమ్ము ఉంటే ప్యూరిఫైయర్, కానీ లెక్కతో

ఊరి అమరికే ఒక చిక్కు. దక్షిణాన యారాడ కొండలు, ఉత్తరాన సింహాచలం కొండలు, మధ్యలో గిన్నెలాంటి పల్లం. అందులోనే పోర్టు, రిఫైనరీ, వాటి చుట్టూ జనం. నైరుతి గాలి వీచే నెలల్లో పోర్టు వైపు దుమ్ము ఊళ్లోకి వస్తుంది. చలికాలం తెల్లవారుజామున గాలి కదలక పొగ కిందనే నిలుస్తుంది. 2019లో కేంద్రం మొదలుపెట్టిన నేషనల్ క్లీన్ ఎయిర్ ప్రోగ్రామ్‌లో విశాఖ కూడా ఉంది. మన దేశ ప్రమాణం ప్రకారం పీఎం 2.5 ఇరవైనాలుగు గంటల సగటు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన హద్దును 15కి దించింది. ఈ రెండు అంకెల మధ్య ఉన్న రోజును ఇక్కడ బావుందనే అంటారు. ఇంట్లో ఉబ్బసం పిల్లాడో, గుండెజబ్బు పెద్దాయనో ఉంటే మీరు చిన్న అంకె వైపే చూడండి.

ప్యూరిఫైయర్‌లో చూడాల్సింది హెపా ఫిల్టర్, సీఏడీఆర్ అంకె. ఈ రెండే. అసలు హెపా 0.3 మైక్రాన్ల కణాల్లో 99.97 శాతం పట్టేస్తుంది. "హెపా టైప్", "హెపా లైక్" అని రాసి ఉంటే పక్కన పెట్టేయండి. సీఏడీఆర్ అంటే గంటకు ఎన్ని ఘనపు మీటర్ల గాలిని శుభ్రం చేసి ఇస్తుందన్నది. లెక్క సులభం. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, పదడుగుల ఎత్తు గది 1200 ఘనపుటడుగులు, అంటే సుమారు 34 ఘనపు మీటర్లు. గంటకు ఐదుసార్లు గాలి తిరగాలంటే 170 సీఏడీఆర్ కావాలి. పదిహేను అడుగులకు ఇరవై అడుగుల హాలుకైతే 425. షాపులో "ఇల్లంతటికీ ఒక్కటి చాలు సార్" అంటే ఈ లెక్క అడగండి. పైగా పెట్టె మీది అంకె ఫుల్ స్పీడ్‌లోది. ఆ చప్పుడుకు రాత్రి నిద్ర పట్టదు కాబట్టి, మీ లెక్కకు ఒక సైజు పెద్దది తీసుకుని మధ్య స్పీడ్‌లో నడపడం మేలు.

ఇంకో మాట, ప్యూరిఫైయర్ పడకగదిలో పెట్టాలి, హాల్లో కాదు. రోజులో ఏడెనిమిది గంటలు ఒకేచోట గాలి పీల్చేది అక్కడే. తలుపు, కిటికీ మూయాలి. 40 వాట్ల మిషన్ రోజుకు పది గంటలు నడిస్తే నెలకు 12 యూనిట్లు, కరెంటు బిల్లు భయం అక్కర్లేదు. భయపడాల్సింది ఫిల్టర్ ధరకు. మిషన్ ఎనిమిది వేలకు ఇచ్చి ఫిల్టర్ మూడు వేలకు అమ్మేవి ఉన్నాయి. మూడేళ్ల ఖర్చు వేసుకుని చూడండి.

అయొనైజర్ (గాలిలోని కణాలకు విద్యుదావేశం ఇచ్చేది, దాంతో ఓజోన్ కూడా రావచ్చు), ఓజోన్ అని గొప్పగా రాసినవి వద్దు. ఓజోన్ ఊపిరితిత్తులను రేపుతుంది, పక్షులకైతే మరీ ప్రమాదం. మిషన్‌లో అయొనైజర్ బటన్ ఉంటే ఆఫ్‌లో ఉంచండి. హెపా ధూళినే పడుతుంది, గ్యాసును పట్టదు. సన్నటి కార్బన్ పొర వాసనలను కొంత తగ్గిస్తుంది, అంతే. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైన తర్వాత చాలామంది "ఇంట్లో ప్యూరిఫైయర్ ఉంటే సరిపోతుందా" అని అడిగారు. సరిపోదు. అలాంటప్పుడు అధికారులు చెప్పిన వైపు ఇల్లు వదిలి వెళ్లడమే పని.

పీఎం 2.5 చూపించే చవక మీటర్లు కొన్నవాళ్లకు ఒక హెచ్చరిక. తేమ 80 శాతం దాటితే నీటి తేమతో ఉబ్బిన కణాలను కూడా దుమ్ముగా లెక్కవేసి అంకె పెంచి చూపిస్తాయి. జల్లు పడ్డ రాత్రి అంకె చూసి హడావిడి పడకండి.

చెమ్మ ఉంటే ముందు గోడ, తర్వాతే డీహ్యుమిడిఫయర్

బీచ్ రోడ్డు, పెదవాల్తేరు, సాగర్‌నగర్ వైపు ఇళ్లకు, ఎక్కడైనా కింది అంతస్తుల్లో ఉండేవాళ్లకు నా సలహా ఇది. నేల చెమ్మ, పైపు లీకు, బయటి పగులు ఉన్నంతకాలం డీహ్యుమిడిఫయర్ (గాలిలోని తేమను నీళ్లుగా లాగే మిషన్) కొనడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే. గోడ బాగుచేయించాక కూడా తేమ దిగకపోతే అప్పుడు చూడండి.

ఏసీలో డ్రై మోడ్ ఉంది కదా అంటారు. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ మామూలుగా నడిచినా తేమను బాగానే లాగుతుంది. అసలు చిక్కు ఆగస్టు నుంచి నవంబరు దాకా. బయట వేడి అంత ఉండదు, తేమ మాత్రం దండిగా ఉంటుంది. ఏసీ కాసేపు నడిచి, గది చల్లబడగానే కంప్రెసర్ ఆగిపోతుంది, తేమ తిరిగి వచ్చేస్తుంది. పసిపిల్ల ఉంటే అంత చల్లదనం కూడా కుదరదు. డీహ్యుమిడిఫయర్ గదిని చల్లబరచకుండా, ఒకింత వేడి చేస్తూనే నీళ్లు లాగుతుంది. 250 వాట్లది ఎనిమిది గంటలు నడిస్తే రోజుకు రెండు యూనిట్లు, నెలకు 60. బిల్లులో తెలిసేంత ఖర్చే. పెట్టె మీద "రోజుకు 20 లీటర్లు" అని ఉంటే అది 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ దగ్గర చేసిన పరీక్ష అంకె, మీ గదిలో అంతకంటే తక్కువే వస్తుంది. తొట్టె నిండగానే ఆగిపోతుంది, కాబట్టి పైపు పెట్టి బాత్రూమ్ డ్రెయిన్‌కు వదిలే వీలున్నది చూడండి. రోజూ తొట్టె పారబోసే ఓపిక వారం కంటే ఉండదు, నాకైతే నాలుగు రోజులే ఉంది.

ఎయిర్ కూలర్ సంగతి ఒక్క ముక్కలో: మన ఊరికి వద్దు. ఉన్న చెమ్మకు ఇంకాస్త నీళ్లు పోయడమే.

ముసురు రోజుల్లో గదిలోపల బట్టలు ఆరేయడం ఎంత తేమ పెంచుతుందో హైగ్రోమీటర్ పక్కన పెట్టుకుని చూడండి. వాషింగ్ మిషన్ నిండా బట్టల్లోంచి రెండు లీటర్ల దాకా నీరు గాలిలోకి పోతుంది. బీరువాల్లో చెమ్మ వాసనకు నాఫ్తలీన్ గోళీలు వేసే అలవాటు మన ఇళ్లలో ఎక్కువ. పసిపిల్లల బట్టల దగ్గర మాత్రం వద్దు. జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉన్న పాపాయికి ఆ వాసనతోనే ఎర్ర రక్తకణాలు విరిగి కామెర్లు ముదరవచ్చు. ఆ లోపం ఉందో లేదో చాలామందికి తెలియదు. కుక్కపిల్ల ఒక గోళీ మింగినా ప్రాణం మీదకు వస్తుంది. సిలికా జెల్ సంచులు పెట్టి, ఎండ వచ్చిన రోజు బీరువా తలుపులు తెరిచి ఉంచండి.

గోడ మీది బూజును పొడి చీపురుతో గీకకండి, గదంతా ఎగురుతుంది. సబ్బునీళ్ల గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. బ్లీచింగ్ వాడితే బాత్రూమ్ యాసిడ్‌తో ఎప్పుడూ కలపకూడదు, క్లోరిన్ వస్తుంది. పిల్లి మూత్రం పోసిన చోట కూడా బ్లీచింగ్ వద్దు, అందులోని అమ్మోనియాతో కలిసి ఘాటైన విషవాయువు వస్తుంది.

వంటగది: చిమ్నీయా, ఎగ్జాస్ట్ ఫ్యానా

ఇక్కడ నా పరీక్ష ఎండు నెత్తళ్ల వేపుడు. వేయించిన గంటకు పడకగది దిండు వాసన చూడండి. నెత్తళ్లు తెలిస్తే మీ వంటగది గాలి బయటకు కాదు, ఇంట్లోకే పోతోంది. వాసన ఒక్కటే అయితే ఫర్వాలేదు. దాంతోపాటు నూనె పొగలోని సన్నటి ధూళి, గ్యాస్ మంట నుంచి వచ్చే నైట్రోజన్ డయాక్సైడ్ కూడా పోతాయి.

డక్ట్, అంటే పొగను బయటకు పంపే గొట్టం ఉన్న చిమ్నీ, సరిగా బిగిస్తే, అన్నిటికంటే మేలు. కానీ "సరిగా" దగ్గరే చాలా ఇళ్లు తప్పుతాయి. నేను చూసిన ఒక కొత్త ఫ్లాట్‌లో పాతిక వేల చిమ్నీ గొట్టాన్ని రెండు మలుపులు తిప్పి యూటిలిటీ బాల్కనీలో వదిలేశారు. యూటిలిటీ తలుపు తెరవగానే పొగ తిరిగి వంటగదిలోకి. గొట్టం పొట్టిగా, మలుపులు తక్కువగా, నేరుగా బయటకు ఉండాలి. డక్ట్ లేకుండా కార్బన్ ఫిల్టర్‌తో గాలిని అక్కడక్కడే తిప్పే చిమ్నీలు వాసనను కాస్త తగ్గిస్తాయి, గ్యాసును, తేమను తగ్గించవు. వాటికంటే పదిహేను వందల నుంచి రెండున్నర వేల ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఎంతో నయం. సముద్రానికి దగ్గరైతే ఇనుప రెక్కలది ఉప్పుగాలికి తొందరగా తుప్పు పడుతుంది, ప్లాస్టిక్ రెక్కలది తీసుకోండి.

చిమ్నీ అయినా ఫ్యాన్ అయినా, పోపు, వేపుడు వెనక బర్నర్ మీద పెట్టుకోండి, పొగ గోడవైపు లేచి దానికి సులువుగా అందుతుంది. వంటయ్యాక పదిహేను నిమిషాలు దాన్ని నడవనివ్వండి. ఎదురుగా ఒక కిటికీ రెక్క కొంచెం తెరిచి ఉండాలి, గాలి లోపలికి రాకపోతే బయటకు మాత్రం ఎలా పోతుంది?

మనం వెలిగించే పొగ

దోమల కాయిల్ గురించి మొహమాటం లేకుండా చెబుతాను. 2003లో కొన్ని రకాల కాయిల్స్ మీద జరిగిన పరిశోధనలో ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే 75 నుంచి 137 సిగరెట్లకు సమానమైన సన్నటి ధూళి వస్తుందని తేలింది. మూసిన గదిలో కాయిల్ పెట్టి, మూలన ప్యూరిఫైయర్ నడిపేవాళ్లను నేను చూశాను. కాయిల్ పెట్టాల్సి వస్తే వరండాలో, ఆరుబయట పెట్టండి.

అలాగని దోమల్ని వదిలేయమని కాదు, డెంగీ ఊరు మనది. ఎంపికలో నా వరుస ఇది. ముందు కిటికీలకు మెష్. అద్దె ఇంట్లోనైనా వెల్‌క్రో మెష్ అతికించుకోవచ్చు, ఖర్చు కిటికీకి కొన్ని వందలు. మంచానికి దోమతెర. ఆ తర్వాతే ప్లగ్‌లో పెట్టే లిక్విడ్ మిషన్, అదీ పడుకునే ముందు గంటసేపు, కిటికీ కొద్దిగా తెరిచి. పొగ రాదు కాబట్టి కాయిల్ కంటే నయమే, కానీ అందులోనిది పురుగుమందే.

అగరబత్తి, సాంబ్రాణి మాటకొస్తే పెద్దవాళ్లతో గొడవ ఖాయం. నేను మా అమ్మతో కుదుర్చుకున్న రాజీ చెబుతాను: పూజగదిలో దీపం, పువ్వులు ఎంతసేపైనా. అగరబత్తి ఒక్కటి, కిటికీ దగ్గర. సాంబ్రాణి శుక్రవారం, వాకిట్లో. పసిపాపకు తలంటి పోశాక జుట్టుకు ధూపం పట్టడం మాత్రం మానిపించాను. మెత్తటి తువ్వాలుతో తుడిచి, గాలి తగలని గదిలో కాసేపు ఒళ్లో పెట్టుకుంటే జుట్టు దానంతట అదే ఆరుతుంది. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు.

ఇంట్లో పిల్లి, కుక్క, చేపలు, పిట్టలు ఉంటే

పై సలహాలన్నీ ఇక్కడ కొంచెం మారతాయి. ఈ జీవులు నేలకు దగ్గరగా, రోజంతా ఇంట్లోనే ఉంటాయి. పిల్లి ఒంటిమీద పడ్డదంతా నాకేస్తుంది.

పిల్లి ఉన్న ఇంట్లో పెర్మెత్రిన్ అనే పురుగుమందు పేరు గుర్తుపెట్టుకోండి. కుక్కల పిడుదులకు మెడమీద వేసే కొన్ని మందుల్లో అది ఉంటుంది. పిల్లి కాలేయం దాన్ని సరిగా విరగ్గొట్టలేదు, వణుకు, మూర్ఛ వస్తాయి. కుక్కకు వేశాక రెండు మూడు రోజులు రెండింటినీ వేర్వేరు గదుల్లో ఉంచాలి. ఘాటు ఫినైల్‌తో నేల తుడిచి ఆరకముందే పిల్లిని వదలడం కూడా అంతే. సహజం కదా అని డిఫ్యూజర్‌లో (సువాసన నూనెను గాలిలోకి వదిలే పరికరం) వేసే టీట్రీ, నీలగిరి, నిమ్మగడ్డి నూనెలు పిల్లులకు సరిపడవు. మా పిల్లి హాల్లో తుమ్ములు ఆపకపోతే పశువుల డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న "ఇంట్లో ఏం వెలిగిస్తారమ్మా?" అన్నదే. పిల్లి దొడ్డికి వెళ్లే తొట్టెలో పోసే, పొడి రాలే లిట్టర్ కూడా మార్చమన్నారు.

పిట్టలకు నాన్‌స్టిక్ పెనం శత్రువు. ఖాళీ పెనం మంట మీద మర్చిపోతే పూత వేడెక్కి వచ్చే ఆవిరికి పంజరంలో పిట్ట నిమిషాల్లో చనిపోవచ్చు. మనకు వాసన కూడా సరిగా తెలియదు. లవ్‌బర్డ్స్ అని మనం పిలిచే బడ్జీలు ఉన్న ఇంట్లో వంటగది పక్కన పంజరం వద్దు, దోసెలకు ఇనుప పెనం వాడండి. ఇంట్లో రామచిలుకను పెంచుతున్నారా? 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం, ఆ సంగతి వేరే.

అక్వేరియం ఉన్నవాళ్లు ఈ చిన్న విషయం మర్చిపోతారు. ఎయిర్ పంపు గదిలో గాలినే నీళ్లలోకి బుడగలుగా పంపుతుంది. అదే ప్లగ్‌బోర్డుకు దోమల లిక్విడ్ పెడితే పురుగుమందు నేరుగా చేపలకు చేరుతుంది. చేపలకు ఆ రకం మందు అతి కొద్దిగా ఉన్నా విషమే. పక్క గదిలో పెట్టుకోండి, లేదా దోమతెరతో సరిపెట్టుకోండి.

కుక్కల్లో పగ్ లాంటి పొట్టిమూతి జాతులకు పొగ, ఉక్కపోత రెండూ తట్టుకోవడం కష్టం. వాటికి ఏసీ గది, తేమ అదుపు ముఖ్యం. మీకే పిల్లి ఎలర్జీ ఉంటే హెపా ప్యూరిఫైయర్ నిజంగా పనికొస్తుంది. ఆ ఎలర్జీ కణాలు తేలికైనవి, గంటలకొద్దీ గాలిలో తేలుతూనే ఉంటాయి. పిల్లిని పడకగదిలోకి రానివ్వకపోతే ఇంకా పనికొస్తుంది, కానీ అది జరిగే పని కాదని పిల్లి ఉన్నవాళ్లందరికీ తెలుసు.

మొక్కలు గాలిని శుభ్రం చేస్తాయని మనీప్లాంట్లు వరుసగా పెట్టేవాళ్లు ఉన్నారు. 2019లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం కిటికీ తెరిచినంత ప్రయోజనం రావాలంటే చదరపు మీటరుకు కనీసం పది మొక్కలు, ఒక్కోసారి వెయ్యి కూడా కావాలి. అందానికి పెట్టుకోండి. మనీప్లాంట్, స్నేక్ ప్లాంట్ ఆకులు నమిలితే పిల్లికి నోరు మండుతుంది, వాంతులవుతాయి. లిల్లీలైతే పిల్లి కిడ్నీలే పోతాయి, ఇంట్లోకే తేకండి.

చేతిలో ఎంత ఉందో దాన్నిబట్టి

మూడు నాలుగు వేలు ఉంటే హైగ్రోమీటర్, కిటికీలకు మెష్, వంటగదికి ఎగ్జాస్ట్ ఫ్యాన్. విశాఖలో చాలా ఇళ్లకు ఇంతకుమించి అక్కర్లేదని నా అభిప్రాయం. పదిహేను వేలు ఉండి, ఇల్లు పోర్టు వైపో గాజువాక పారిశ్రామిక ప్రాంతం వైపో ఉంటే, ఆ పైన పిల్లలో పెద్దవాళ్లో పడుకునే ఒక్క గదికి హెపా ప్యూరిఫైయర్. సముద్రం వైపు అయితే అదే డబ్బు గోడ మరమ్మతుకు, మిగిలితే డీహ్యుమిడిఫయర్‌కు. మధురవాడ, పీఎం పాలెం వైపు కొత్త ఫ్లాట్‌లో చేరేవాళ్లు ప్లైవుడ్, పెయింటు వాసన పోయేదాకా కొన్ని వారాలు పగలంతా కిటికీలు తెరిచి, వార్డ్‌రోబ్ తలుపులు కూడా తీసి ఉంచండి. గృహప్రవేశం ముహూర్తం ముందే అయినా, పిల్లల్ని ఆ గదిలో పడుకోబెట్టడం వాయిదా వేయొచ్చు.

అద్దె ఇల్లయితే దిగేముందు బీరువా పెట్టే గోడను అరచేత్తో తడిమి చూడండి. ఇంకో గోడ కంటే చల్లగా తగిలినా, కొత్త సున్నం ఒక్క ఆ మూలకే వేసి ఉన్నా, అడ్వాన్స్ ఇచ్చేముందు ఓనర్‌తో మాట్లాడి ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. దిగాక బీరువాను గోడకు ఆనించకుండా జానెడు ఎడం వదలండి.